చేవ్రాత – చేతి సంపాదన

సెల్‌ఫోనులో వ్యాపారం మొదలుపెట్టిన బాలుణ్ణి చూసి పెద్దలు మురిసిపోతున్నారు. మురియవలసినదే. కాని తాను అమ్మే సరకు పేరును తెలుగులోగాని ఉర్దూలోగాని కుదురుగా వ్రాయలేని చేయి ఆ వ్యాపారికి ఎంతవరకు అక్కరకు వస్తుంది?

హైదరాబాదు ఛత్తా బజారులో ఒకప్పుడు కాతిబుకు కలమే పెట్టుబడి. పెండ్లి శుభలేఖలు ఆ కలం నుండే వెలువడేవి. 1994లో ఇన్‌పేజ్ వచ్చాక ఆ జీవనం చాలవరకు క్షీణించింది. అయినా 1927లో స్థాపితమైన మద్రాసు ఉర్దూ దినపత్రిక 'ముసల్మాన్' కంప్యూటర్ల కాలంలోనూ ఎన్నో ఏళ్ళు చేవ్రాతనే నమ్ముకుంది. యంత్రం అందరికీ ఒకే అక్షరాన్ని ఇస్తుంది. చేతి అక్షరం ఎవరిది వారిదే. గిరాకీ అక్కడే పుడుతుంది. (పరీక్షలు నేటికీ కలంతోనే వ్రాస్తున్నామన్నది వేరే మాట.)

కళాశాల సంఘంవారు వారానికొక గంట రెండు లిపులకూ కేటాయించాలి. వార్షికోత్సవంలో విద్యార్థుల చేవ్రాత కార్డులకొక అంగడి పెట్టించాలి. వచ్చిన పైకం మాత్రం విద్యార్థులకే చెందాలి, సంఘ నిధికి కాదు.