మా జబ్బు మీ పొట్లం కాగితం కాదు

పోయిన వ్యాసం చదివి బోధన్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, దవాఖానల మంచం దొరకది, మందులు బయట కొనుక్కొమ్మంటరు. నువ్వేమో ప్రింటర్ కాడ పడున్న కాగితాల మీద రాస్తనంటున్నవ్. గోప్యత కడుపు నిండినోళ్ల ముచ్చట కాదా?"

కాదు తమ్ముడూ. కడుపు నిండినవాళ్లకు ఈ బాధే లేదు. వాళ్ల రిపోర్టు కవర్లో ఇంటికి వస్తుంది. లేదంటే సొంత ఫోన్‌లో తెరుచుకుంటుంది, సొంత ప్రింటర్‌లో అచ్చవుతుంది. డబ్బు పెట్టి వాళ్లు కొనుక్కుంటున్న దాన్నే మనం హక్కుగా అడగాలంటున్నాను.

తెలుగు పాఠం చెప్పేవాణ్ని కాబట్టి మాట దగ్గర మొదలుపెడతా. 'ప్రైవసీ' ఇంగ్లిష్ మాటే. 'గుట్టు' మాత్రం మనది. గుట్టుగా సంసారం నెట్టుకొచ్చిందని చెప్పేది మన వాడల్లోని తల్లుల గురించే. పేదవాడికి పరువు అక్కర్లేదని ఎవడు నిర్ణయించాడు?

ఒక కాగితం దవాఖానలో ఎట్లా నడుస్తుందో చూడండి. ఓపీ చీటీ మీద పేరు, తండ్రి పేరో భర్త పేరో, వయసు, ఊరు, ఫోన్ నంబరు. చిరునామా గడిలో ఎస్సీ కాలనీ. కొన్నిచోట్ల ఇప్పటికీ హరిజనవాడ. కులం గడి లేకపోయినా కులం అచ్చయింది. దాని కింద జబ్బు పేరు. ఆ చీటీ కౌంటర్, ల్యాబ్, మందుల కిటికీ, బయట జిరాక్స్ దుకాణం అన్నీ తిరుగుతుంది. మందులిచ్చే మనిషికి మందు పేరు చాలు. కులం, కాలనీ ఎందుకు?

మా చిన్నమ్మ ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. దగ్గు ఆగకపోతే నిజామాబాద్‌లో ఒక దవాఖానకు పోయింది. రిపోర్టుల రోజు కౌంటర్ మీద అందరి కాగితాలు ఒకే కుప్ప. "మీది మీరే ఏరుకోన్రి" అన్నారు. ఆమెకు చదువు రాదు. పక్కన నిలబడ్డ మా ఊరామె ఏరి ఇచ్చింది, చదివి పెట్టింది కూడా. చిన్నమ్మ బస్సు దిగేసరికి టీబీ అన్న మాట కార్ఖానాకు చేరింది. టేకేదారు ఆకు, తంబాకు ఇవ్వడం ఆపేశాడు. ఆరు నెలలు మందులు వాడితే ఆమెకు నయమైంది. ఊరి నోట్లో జబ్బు మాత్రం నయం కాలేదు. ఇందులో ఎవరూ కుట్ర చేయలేదు. ఒక కాగితాల కుప్ప, దాన్ని పట్టించుకోని ఒక పద్ధతి, అంతే. కూలి పోవడానికి అది చాలింది.

బాబాసాహెబ్ 'వీసా కోసం నిరీక్షణ'లో చెప్పిన కాఠియావాడ్ ఉపాధ్యాయుడి సంగతి మీకు తెలిసిందే. 1929 నాటిది. బాలింతరాలైన భార్యకు జబ్బు చేస్తే డాక్టర్ వాడలోకి రానన్నాడు. ఆమెను వాడ బయటికి తెస్తేనే చూశాడు. థర్మామీటర్ కూడా వేరే మనిషి చేతుల మీదుగా అందించాడు. ఆమె బతకలేదు. నాడు మనల్ని ముట్టుకోలేదు. నేడు మన జబ్బు రాసిన కాగితాన్ని అందరూ ముట్టుకుంటారు. దాన్ని చదివి మళ్లీ మనల్ని దూరం పెడతారు. కులం అంటు మీద జబ్బు అంటు.

శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. అంతకు ముందూ ఆ తర్వాతా ఈ చెరకు ఊళ్ల పిల్లలకు దారి గల్ఫే. గల్ఫ్ మెడికల్‌లో హెచ్‌ఐవీ, హెపటైటిస్, ఛాతీ ఎక్స్‌రే అన్నీ ఉంటాయి. 'అన్‌ఫిట్' అని పడ్డ కాగితం ఏజెంట్ చేతికి చేరితే, పిలగాడు ఇల్లు చేరకముందే మాట ఊరు చేరుతుంది. పెళ్లి సంబంధం అక్కడే తెగుతుంది.

ఇంకో అన్యాయం ఉంది. ఆసరా పేరుతో మొదలైన పింఛన్లలో ఎయిడ్స్, బోదకాలు, డయాలిసిస్ అని రకాలున్నాయి. ఇవ్వడం మంచిదే, ఇంకా పెంచాలి. కానీ పింఛన్ పేరే జబ్బు పేరు. ఆ రకం రాసిన జాబితాను అచ్చు వేసి పదిమంది చూసేచోట పెడితే, బువ్వ కోసం గుట్టును తాకట్టు పెట్టమన్నట్టే.

పాత కాగితాల సంగతి చూద్దాం. 2024 జూలైలో ముంబయి పరేల్‌లోని కేఈఎం దవాఖానలో రోగుల పేర్లున్న కాగితాలతో చేసిన ప్లేట్ల వీడియో బయటికొచ్చింది. అవి తుక్కుకు వేసిన పాత సీటీ స్కాన్ ఫోల్డర్లని దవాఖాన చెప్పింది. ఆరుగురు ఉద్యోగులకు షోకాజ్ నోటీసులిచ్చారు. కామాటిపురకు పేరు తెచ్చిన కామాటీ కూలీలు మన తెలంగాణ నుంచి పోయినవాళ్లే. ఆ నగరపు సర్కారు దవాఖానల్లో వరుస కట్టేది అట్లాంటి కూలిజనమే. చింపకుండా తుక్కుకు వేసిన కాగితం ఎవరిదో ఇప్పుడు చెప్పండి.

చట్టం లేదా? ఉంది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలతో గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. కరోనా రోగుల ఇళ్ల ముందు పోస్టర్లు అంటించడం ఆనవాయితీ కారాదని 2020 డిసెంబర్‌లో చెప్పింది. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఆ సమాచారాన్ని దవాఖాన భద్రంగా ఉంచాలి. ఇరవై మంది, అంతకు మించి ఉన్న దవాఖానలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. మీ ఊరి దవాఖానలో ఆ అధికారి పేరు రాసిన బోర్డు చూశారా?

2023 డేటా రక్షణ చట్టం డిజిటల్‌గా సేకరించిన, లేదా తర్వాత డిజిటల్‌గా మార్చిన సమాచారానికే వర్తిస్తుంది. కంప్యూటర్ ఎక్కని చేతిరాత రిజిస్టరు, కేస్ షీటు దాని బయటే. కాగితం మీద బతికేవాడు మళ్లీ చట్టం గడప బయటే నిలబడ్డాడు.

"సిబ్బంది లేరు, పని ఒత్తిడి" అంటారు. నిజమే. కౌంటర్‌లో కూర్చున్న కాంట్రాక్టు పిల్ల మీద నాకు కోపం లేదు. ఆమెకు నేర్పనివాళ్ల మీద, కవర్లు కొననివాళ్ల మీద నా కోపం. ఇవి పెద్ద ఖర్చులు కావు:

1. ప్రింటర్ జనం చెయ్యి పెట్టే చోట ఉండొద్దు. ప్రింట్ తీసినవాళ్లే వెంటనే తీసుకోవాలి.
2. ఏ చీటీకి ఎంత అవసరమో అంతే అచ్చు కావాలి. పథకం లెక్కకు కులం కావాలంటే రికార్డులో ఉంచండి, చీటీ మీదికి తేకండి.
3. పేరు, నంబరు రెండూ సరిచూసి, మడిచి, కవర్లో పెట్టి రోగి చేతికే ఇవ్వాలి. చదువు రానివాళ్లకు పక్కకు పిలిచి చెప్పాలి.
4. వెనక వైపు తెల్లగా ఉందని రిపోర్టు కాగితం మళ్లీ వాడొద్దు. ముక్కలు చేశాకే తుక్కుకు పోవాలి.
5. దవాఖానలోనే ఉచితంగా ప్రింట్, జిరాక్స్ ఇవ్వాలి. అంతదాకా జిరాక్స్ దుకాణంలో రిపోర్టు తీయించుకుంటే, ఆ ఫైలు మీ కళ్లముందే డిలీట్ చేయించండి. వాట్సాప్‌లో పంపితే అక్కడ కూడా.
6. జబ్బు పేరుతో జాబితాలు గోడకెక్కొద్దు.

మొదట మంచాలు, డాక్టర్లు రానీ అనే సంఘాల మిత్రులకు ఒక మాట. పది మందిలో బయటపడతానని భయపడ్డ మనిషి డాక్టర్ ఉన్నా పరీక్షకు పోదు. ముదిరినాక పోతుంది. గుట్టు దక్కకపోతే వైద్యం కూడా దక్కదు. రెండూ ఒకే కొట్లాట.

నిజామాబాద్, బోధన్ విద్యార్థులకు ఒక పని చెబుతున్నా. మీ దగ్గరి సర్కారు దవాఖానకు ఆర్టీఐ దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలకు మించదు, దారిద్ర్యరేఖకు దిగువన ఉంటే అదీ లేదు. మూడు ప్రశ్నలు చాలు: రోగుల పాత కాగితాలను ఎట్లా నాశనం చేస్తున్నారు? ఆ పని ఎవరి బాధ్యత? హెచ్‌ఐవీ చట్టం కింద ఫిర్యాదుల అధికారి ఎవరు? ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రోగుల పేర్లు అడగొద్దు, ఫొటోలు తీయొద్దు. వచ్చిన జవాబులు నాకు పంపండి, వచ్చే భాగంలో దవాఖాన వారీగా పెడతాను. జవాబు ఇవ్వని దవాఖానల జాబితా కూడా పెడతాను.

జై భీమ్.