లీకులు వెతకండి... కోర్సులు తర్వాత!

భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్లినా, ఖమ్మం నడిబొడ్డునైనా నెట్ ఆగిపోతే అందరూ చేసేది ఒకటే. రౌటర్ ఆపి, మళ్లీ ఆన్ చేయడం. చాలాసార్లు బాగవుతుంది కూడా. ఎందుకు బాగవుతుందని మాత్రం బీటెక్ ఫైనలియర్ వాళ్లు కూడా అడగరు.

కారణాలు చాలా ఉండొచ్చు. వాటిలో ఒకటి మెమరీ లీక్. చిన్న రౌటర్లలో చాలావాటిలో నడిచేది లినక్స్ కెర్నలే. 128 ఎంబీ ర్యామ్‌తో నెలల తరబడి ఆగకుండా పనిచేయాలి. దాని నెట్‌వర్కింగ్ కోడ్‌లో సెకనుకు ఒక్కసారి 256 బైట్లు లీకైతే రోజుకు సుమారు 22 ఎంబీ పోయినట్టే. వారం తిరగకముందే డబ్బా చతికిలపడుతుంది.

మీరు రాసిన సీ ప్రోగ్రామ్‌లో ‘ఫ్రీ’ మర్చిపోయినా, అది ముగియగానే ఆపరేటింగ్ సిస్టమ్ ఆ మెమరీని వెనక్కి తీసేసుకుంటుంది. కెర్నల్‌కు పైన అలా చూసుకునేవాళ్లు లేరు. చేబదులు తీసుకున్న కోడే తిరిగివ్వాలి. లేకపోతే రీబూట్ దాకా ఆ బాకీ తీరదు.

ఈ లీకులు ఎక్కువగా దాక్కునేది ఎర్రర్ పాత్‌లలో. డ్రైవర్ రెండుసార్లు మెమరీ తీసుకుంటుంది. మూడో అడుగు ఫెయిలైతే, ముందు తీసుకున్న రెండూ వదలకుండానే ‘రిటర్న్’ అయిపోతుంది. మామూలు టెస్టింగ్‌లో మూడో అడుగు ఫెయిల్ కాదు కాబట్టి ఏళ్లపాటు ఎవరి కంటా పడదు. మరమ్మతు చాలాసార్లు ఒకట్రెండు లైన్లే. ‘రిటర్న్’ ఉన్నచోట, మెమరీ వదిలే లేబుల్‌కి ‘గోటో’. (గోటో వాడొద్దని ఫస్టియర్‌లో చెప్పిన మాట ఇక్కడ చెల్లదు.)

నేను చెప్పొచ్చేది ఇదే. పరీక్షలవగానే అమీర్‌పేట బస్సెక్కి, పదిమంది రెజ్యూమెల్లో ఒకే ప్రాజెక్టు రాసుకునే బదులు ఒక్క నెల ఈ పని మీద కూర్చోండి. సీ, డేటా స్ట్రక్చర్స్, ఓఎస్ సిలబస్‌లో ఉన్నవే. ఓ మాదిరి ల్యాప్‌టాప్‌లో క్యూఈఎంయూ మీద సొంత కెర్నల్ నడుపుకోవచ్చు. 2009లో 2.6.31 వెర్షన్‌తో వచ్చిన ‘కేమెమ్‌లీక్’ను ఆన్ చేస్తే, మామూలుగా పది నిమిషాలకోసారి మెమరీని జల్లెడ పట్టి, ఎవరూ పట్టించుకోని ముక్కలేవో చెబుతుంది. గూగుల్ నడిపే ‘సిజ్‌బాట్’ తనకు దొరికిన బగ్గులను అందరికీ కనిపించేలా పెడుతుంది. చాలావాటికి బగ్‌ను మళ్లీ రప్పించే ప్రోగ్రామ్ కూడా ఇస్తుంది. ప్యాచ్ పంపేది ఈమెయిల్‌లో, మామూలు టెక్స్ట్‌గా. మీది ఏ కాలేజీ, ఎన్ని బ్యాక్‌లాగ్‌లు అని అందులో ఎవరూ అడగరు. క్యాంపస్ డ్రైవ్‌లు రాని కాలేజీ పిల్లలకు ఇంతకంటే సమానమైన తలుపు నాకైతే కనిపించలేదు.

అలాగని టూల్ చూపించిన ప్రతిచోటా ‘ఫ్రీ’ రాసేయొద్దు. ఆ ప్యాకెట్ బఫర్‌ను వేరే కోడ్ ఇంకా వాడుతుంటే? లీక్ పోయి, వదిలేసిన మెమరీని మళ్లీ వాడే బగ్ వస్తుంది. లీక్‌తో మెషీన్ నెమ్మదిస్తుంది, దీంతో హ్యాకర్‌కు దారి దొరుకుతుంది. అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీ పరిశోధకులు చిన్న మరమ్మతుల పేరుతో కావాలనే తప్పులున్న ప్యాచ్‌లు పంపారు. ఆ లొల్లి ముదిరి, 2021 ఏప్రిల్‌లో ఆ యూనివర్సిటీ నుంచి ప్యాచ్‌లే తీసుకోబోమని గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ప్రకటించారు. రెజ్యూమెలో లెక్క పెంచుకోవడానికి ఏఐతో గుట్టలుగా ప్యాచ్‌లు పంపాలనుకునేవాళ్లు ఈ సంగతి చదవాలి. రివ్యూ చేసేవాళ్ల ఓపిక మీ ప్రాక్టీస్ గ్రౌండ్ కాదు.

ఉద్యోగం గ్యారంటీనా అంటారా? కాదు. ఒక్క ప్యాచ్‌కు ఆఫర్ లెటర్ రాదు. కానీ లినక్స్‌కు డ్రైవర్లు రాసే మార్వెల్, ఏఎండీ, క్వాల్‌కామ్ లాంటి కంపెనీలకు హైదరాబాద్‌లో ఆఫీసులున్నాయి. అలాంటి ఇంటర్వ్యూలో ‘ఈ ఫ్రీ ఇక్కడే ఎందుకు పెట్టావ్, నాలుగు లైన్ల పైన ఎందుకు కాదు?’ అని అడిగితే, మెయింటెయినర్ అదే ప్రశ్న అడిగి రెండుసార్లు వెనక్కి పంపిన ప్యాచ్ మీదైతే, జవాబు కోసం వెతుక్కోరు.