సుగ్గి కాలములో తాత ఇల్లు



ప్రతి నెల ఈ పుటలో ఒక వాక్యభాగమును గూర్చి వ్రాయుట మాకు వాడుక. ఈ నెల మా నాయనగారిని గూర్చి వ్రాయుటకు సెలవిమ్మని కోరుచున్నాము. ఆయన 2023 జనవరిలో మాధవరములో ప్రభువునందు నిద్రించారు. సమాధి చేసి వచ్చిన తరువాత సంఘ రిజిస్టరులో వయస్సు వ్రాయవలసి వచ్చినప్పుడు మేము ఒకరి ముఖమొకరము చూచుకున్నాము. ఆధార్ కార్డులో జనవరి 1 అని ఉన్నది. మన పల్లెల్లో పెద్దలు చాలామంది ఆ కార్డు ప్రకారము జనవరి 1నే పుట్టారు కదా! చివరకు ఆయన తరచుగా చెప్పే మాటనుబట్టి లెక్క వేశాము. డ్యాము పనికి పోయిన నాటికి తనకింకా మీసము రాలేదనేవారు. "సుమారు 90" అని వ్రాశాము.

డ్యాము అనగా తుంగభద్ర డ్యాము. 1945లో పని మొదలై 1953లో ముగిసినది. హోస్పేట దగ్గర మల్లాపురమునకు తన తల్లితో కూడ పోయి నాయన గార తట్టలు మోశారు. ఆ ఆనకట్టను సిమెంటుతో గాక రాయి, సున్నము, ఇటుక పొడి కలిపిన సుర్కీతో కట్టారు. సున్నము తిన్న ఆయన వేళ్ళ చివరలు కడవరకు నున్నగానే ఉండేవి. అదే సంవత్సరము అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడి, ఆదోని తాలూకా బళ్లారి జిల్లానుండి విడిపోయి కర్నూలు జిల్లాలో కలిసినది. "నేను కూలికి పోయి తిరిగొచ్చే లోపల మన జిల్లానే మారిపాయె" అని నవ్వేవారు.

ఆ డ్యాము దిగువ కాలువ మన ప్రాంతమునకు వచ్చినది. మా చేనికి మాత్రము రాలేదు. చేను కాలువకు పైన ఉన్నది. వాన వస్తే జొన్న, లేకపోతే అప్పు. నాయన ఈ సంగతిని గూర్చి సణుగుట మేము వినలేదు. కాలువ గట్టున పోవునప్పుడు వంగి, దోసెడు నీళ్ళు ముఖాన చల్లుకొని, "ఇవి మన నీళ్ళేరా" అనేవారు.

చేను పండని ఇల్లు ఏమి చేయును? సుగ్గికి పోవును. ఇతర జిల్లాల పాఠకులకు ఈ మాట తెలియదేమో. ఆదోని, కోసిగి, మంత్రాలయము వైపు వలస కూలికి పోవుటను సుగ్గి అంటారు. పత్తి తీయుటకు, మిరపకాయలు కోయుటకు గుంటూరు వైపు పోతారు. క్రిస్మస్ ఆరాధన ముగియగానే మూటలు కట్టే సంఘము మాది. జనవరినుండి ఆదివారమున చాపలమీద ముసలివారు, పిల్లలు తప్ప ఎవరుంటారు? నయోమి కుటుంబము బేత్లెహేము విడిచిపోయినది కరువువలననే, యాకోబు ఇంటివారు ఐగుప్తు దారి పట్టినది ధాన్యము కొరకే అని మేము ప్రసంగించునప్పుడు మాధవరములో ఎవరికీ వివరించనక్కరలేదు.

ఇప్పుడు చెప్పబోవునది వ్రాయుటకు మాకు సులువు కాదు. మా పెద్దన్న నాలుగవ తరగతిలో ఉన్నప్పుడు నాయన అతనిని సుగ్గికి తీసికొని పోయారు. బడి అయ్యవారు ఇంటికి వచ్చి, "పిల్లవాడు లెక్కలలో చురుకు, వదిలిపెట్టండి" అని బతిమాలారట. "ఈ ఒక్క ఏడాదే సారూ" అన్నారట నాయన. ఆ ఒక్క ఏడాది మరల ముగియలేదు. చాల ఏండ్లకు, కడగొట్టువారమైన మాకు బడి ఈడు వచ్చేసరికి అన్న సంపాదన ఇంటికి అందుచున్నది గనుక మమ్ములను అవ్వ దగ్గర ఉంచి చదివించారు. మేము పదవ తరగతి దాటినది, వేదాంత డిప్లొమా చేసినది, నేడు ఈ పుట వ్రాయుచున్నది అన్న మోసిన మిరప బస్తాలమీదనే. అన్న నేటికిని వేలిముద్రే వేయును.

2003లో అన్న కుమార్తె నాలుగవ తరగతికి వచ్చినది. సుగ్గికి పోవు దినమున అన్న ఆ పిల్ల బట్టలు కూడ మూటలో పెట్టాడు. నాయన వచ్చి లారీ ముందర నేలమీద కూర్చున్నారు. డ్రైవరు హారను కొట్టినా లేవలేదు. "ఆ పిల్లను నాకిడిసిపెట్టు. లేకుంటే నామీద తోలుకొని పోండి" అన్నారు. మూట విప్పారు.

మరుసటి సంవత్సరమునకు ముగ్గురు పిల్లలు, తరువాత ఏడుగురు. వలసపోయిన వారి పిల్లల కొరకు ప్రభుత్వము సీజనల్ హాస్టళ్ళు తెరిచినది గాని, అవి లేని నెలలలో తాత ఇల్లే హాస్టలు. మా అమ్మ అప్పటికే ప్రభువు సన్నిధికి చేరినది. డెబ్బై దాటిన మనిషి రొట్టె తట్టుట నేర్చుకున్నారు. ఆ జొన్న రొట్టెలు ఒక వైపు పలుచన, ఒక వైపు దిమ్మ. మేము తిన్నాము గనుక చెప్పగలము. పక్కింటి అక్క జాలిపడి పప్పు పంపేది. బొగ్గుతో గోడమీద పిల్లకొక వరుస గీశారు. బడికి పోయిన దినమునకు ఒక గీత. పోని దినమునకు సున్న. సున్న పడినవారికి ఆ రాత్రి కథ లేదు.

ఆయనకు చదువు రాదు. అయినను రాత్రి కుటుంబ ప్రార్థనలో పిల్లలు వంతులవారీగా బైబిలు చదవవలెను. ఎవరు బడి ఎగ్గొట్టారో ఆయన కనిపెట్టినది అక్కడనే. చిన్ననాటినుండి వినివిని చాల భాగములు ఆయనకు కంఠస్థము. ఒకసారి మనుమడొకడు నిద్రమత్తులో వంశావళిలో ఒక పేరు దాటివేశాడు. "నాయనా, ఆ తాతను యాడ ఇడిసిపెట్టినావు? ఎనక్కి పోయి తోలుకొని రా" అన్నారు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు అన్నలు, వదినలు గుంటూరు జిల్లాలో మిరప చేల దగ్గర చిక్కుకొనిపోయారు. నాయన ప్రతి సాయంకాలము ఫోనులో పిల్లలచేత వారికి వాక్యము చదివి వినిపించేవారు. వారు ఇల్లు చేరిన తరువాత ఒక రాత్రి పెద్దన్నను పిలిచి, "ఆ పొద్దు అయ్యవారి మాట ఇనింటే నువ్వు ఇట్ల తిరిగేవాడివి కాదు. తప్పు నాదిరా. నన్ను క్షమించు" అన్నారు. మేమక్కడనే ఉన్నాము. క్షమాపణను గూర్చి ఎన్ని ప్రసంగములు చేశామో! అయినను నోట మాట రాలేదు. అన్న చాలసేపు ఊరకుండి, మా వైపు చూచి, "సదివినోడు ఉన్నాడు కదా, వాణ్ణి అడుగు" అని లేచి చేనికి పోయాడు. రెండు దినములు మాటలాడలేదు. మూడవ దినమున వచ్చి, ఏమీ అనకుండ నాయన గడ్డము గీచి, స్నానము చేయించాడు. ఆ తరువాత ఆయన స్నానము అన్న ఇంకెవ్వరికీ వదలలేదు.

నాయన కన్ను మూసినది కూడ సుగ్గి కాలములోనే. ఊరిలో పెట్టె మోయుటకు మగవారు లేరు. ఆయన బడికి పంపిన మనుమలే భుజము పట్టారు. అన్న రాత్రంతా ప్రయాణము చేసి తెల్లవారి చేరుకున్నాడు. రిజిస్టరులో ఆయన కుమార్తె మరణ వివరములు వ్రాసినది. దాని క్రింద అన్న వేలిముద్ర వేశాడు.

ఆ సంవత్సరము క్రిస్మస్‌కు ఇంటికి సున్నము కొట్టించాము. బొగ్గు గీతల గోడను మాత్రము అన్న ముట్టనీయలేదు.