రౌతు, గుఱ్ఱము, మూడవవాడు

రౌతుకొద్దీ గుఱ్ఱమని తెలుగు సామెత. ఈ సామెతలో ఇద్దరికే చోటు. గుఱ్ఱపు ప్రదర్శనలు చూడవచ్చిన జనులకును ఆ ఇద్దరే కనబడుదురు. నల్లకోటు తొడిగి, తెల్లని చేతొడుగులు వేసికొని, నిటారుగా కూర్చున్న రౌతు ఒకడు. జడలల్లిన జూలుతో, నిగనిగలాడు మేనితో, అడుగులో అడుగు వేయు గుఱ్ఱమొకటి. పోటీ ముగియును, చప్పట్లు మ్రోగును, జనులు ఇండ్లకు పోవుదురు. తెల్లవాఱక మునుపే వచ్చి ఆ బరిని కొలిచి కట్టినదెవరు? గుఱ్ఱమునకు మాలీసు చేసి, జూలు దువ్వి, జీను బిగించినదెవరు? న్యాయనిర్ణేత నోట వెలువడిన ప్రతి మాటను కాగితముపై ఎక్కించినదెవరు? ఈ ప్రశ్నలు చూపరులకు తోచవు. సామెతకు అందని ఈ మూడవవాని సంగతి సికింద్రాబాదు వంటి ఊరిలో ప్రత్యేకముగా ఆలోచింపదగినది.

గుఱ్ఱపు పోటీలలో డ్రెసాజ్ అనునది ఒకటి. ఫ్రెంచి భాషలో ఆ మాటకు తీర్చి నేర్పుట అని భావము. ఇందులో వేగముతో పని లేదు, కంచెలు దుముకుట లేదు. 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గల బరిలో రౌతు తన కాళ్ళ ఒత్తిడిచేతను, పగ్గపు కదలికచేతను, కూర్చున్న తీరుచేతను తన తలంపును గుఱ్ఱమునకు తెలుపును. నడకనుండి పరుగునకు, పరుగునుండి నిలుకడకు గుఱ్ఱము తొట్రుపాటు లేక మాఱవలెను. అమరకోశము చదివినవారికి ఈ భావము క్రొత్తది కాదు. ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము అని అశ్వగతులను ఐదుగా విభజించి పూర్వులు వానిని పంచధారలనిరి. తెలుగులో మనుమంచి భట్టు అశ్వలక్షణములనే కావ్యవస్తువుగా గ్రహించెను. శ్రీకృష్ణదేవరాయలు ప్రతిదినము తెల్లవాఱక మునుపే సాముచేసి, పిదప గుఱ్ఱమెక్కి మైదానమున తిరుగుచుండెనని పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ వ్రాసియున్నాడు. కావున విద్య పరాయిది కాదు. పోటీ రూపము మాత్రమే పరాయిది.

ఆ పోటీ జరుగు తీరు గమనించినచో మూడవవాని ఆవశ్యకత తేటపడును. బరి చుట్టును ఆంగ్లాక్షరములు నిలుపుదురు. పెద్ద బరికి 12, చిన్న బరికి 8. వాని వరుస అక్షరక్రమములో ఉండదు. అట్లేల ఉన్నదో నిశ్చయముగా చెప్పగలవారు లేరు. ఏ అక్షరమువద్ద నిలువవలెనో, ఏ అక్షరమువద్ద వలయము తిరుగవలెనో ముందే నిర్ణయింపబడియుండును. గంట మ్రోగిన పిదప 45 సెకండ్లలో రౌతు బరిలో ప్రవేశింపవలెను. ఒక్కొక్క విన్యాసమునకు 0 మొదలు 10 వఱకు మార్కులు. న్యాయనిర్ణేత తన చూపును గుఱ్ఱముపైనుండి మరలింపరాదు. అందుచే నోట పలికిన అంకెను, వ్యాఖ్యను ప్రక్కన కూర్చున్న లేఖకుడు వ్రాసికొనును. నిండిన కాగితములను మోసికొనిపోవుటకు ఒకరు, మార్కులు కూడుటకు ఒకరు, ద్వారమువద్ద తరువాతి రౌతును పిలుచుటకు ఒకరు, వెలుపలి బరిలో గుఱ్ఱములు ఒకదానినొకటి తాకకుండ చూచుటకు ఒకరు, కళ్ళెము నిబంధనల ప్రకారమున్నదో లేదో పరీక్షించుటకు మఱొకరు కావలెను. ఒక గుఱ్ఱపు నోటిని తాకిన చేతొడుగుతో వేఱొక గుఱ్ఱపు నోటిని తాకరాదు; వ్యాధి అంటుకొనునని భయము. ఇంతటి జాగ్రత్తతో కూడిన పనులను ఇంగ్లండు, అమెరికా దేశముల చిన్న క్లబ్బులలో చాలవఱకు జీతము పుచ్చుకొననివారే చేయుదురు. పిల్లలకు స్వారి నేర్పుటకై 1929లో ఇంగ్లండున ఏర్పడిన పోనీ క్లబ్బు ప్రధానముగా అట్టివారి చేతులమీదుగనే నడచుచున్నది.

లేఖకుని పని చూచినపుడు భారతరచన కథ తలంపునకు రాక మానదు. ఘంటము ఆగరాదని వినాయకుడును, అర్థము తెలియక వ్రాయరాదని వ్యాసుడును ఒండొరులకు నియమము పెట్టుకొనిరట. డ్రెసాజ్ లేఖకునకు మొదటి నియమము మాత్రమే కలదు. అర్థమగువఱకు ఆగినచో ఈలోపల నాలుగు విన్యాసములు దాటిపోవును. ఐనను ఉదయమునుండి గుఱ్ఱము వెంట గుఱ్ఱమునకు తీర్పు వ్రాసినవానికి, 'వెన్ను బిగుసుకొనినది', 'పగ్గము లాగుచున్నాడు', 'వలయము కోడిగ్రుడ్డువలె సాగినది' అను మాటలు ఎదుటి దృశ్యముతో జతపడి, ప్రొద్దుగ్రుంకు వేళకు అర్థము తనంతట తానే బోధపడును. గుఱ్ఱమెక్కని వానికి అశ్వవిద్య నేర్పు పాఠశాల ఇంతకంటె మేలైనది లేదు. ఇందు ప్రవేశమునకు రుసుము లేదు. తన అభిప్రాయము పలుకరాదు, విన్నది బయట చెప్పరాదు అనునవి రెండే కట్టుబాట్లు. నోరు మూసికొని, కన్నులు తెఱచుకొని ఒక దినమెల్ల కూర్చుండుట యౌవనమున ఎంత గొప్ప శిక్షణమో ఉపాధ్యాయులెఱుగుదురు.

ఇట్టి పాఠశాల సికింద్రాబాదులో వెలయుటకు తగిన పూర్వరంగము లేకపోలేదు. ఈ ఊరు గుఱ్ఱమునెఱిగిన ఊరు. 1798 నాటి ఒడంబడిక పిమ్మట హుస్సేన్ సాగరమునకు ఉత్తరమున ఇంగ్లీషు సైన్యములు విడిసినవి. 1806లో ఆ దండునకు మూడవ నిజాము సికందర్ జా పేరు వచ్చెను. పరేడు మైదానము, బైసన్ పోలో మైదానము, తిరుమలగిరి, బొల్లారము అను పేర్లు వినినంతనే గిట్టల చప్పుడు స్ఫురించును. హైదరాబాదు కంటింజెంటు అశ్వికదళములనుండి పుట్టిన డెక్కను హార్సు పటాలము 1916 జూలై 14న ఫ్రాన్సులోని సొమ్ము యుద్ధమున హై వుడ్ అను అడవిచెంత బల్లెములతో గుఱ్ఱపుదాడి చేసెను. ఆ పటాలము నేడు ట్యాంకుల దళము. ఢిల్లీలోని తీన్ మూర్తి విగ్రహములు మూడింటిలో ఒకటి హైదరాబాదు లాన్సర్ల స్మృతికి నిలిపినది.

ఇంత చరిత్రలోను ఒక వెలితి కలదు. దండులో గుఱ్ఱపు పని రెండు విధములుగనే జరిగెను: హుకుముచేత, లేదా కూలిచేత. అధికారి ఆజ్ఞచే సిపాయి సున్నపు గీతలు గీచెను; జీతమునకు కుదిరిన సాయిసు గడ్డి మోసెను. ఎవ్వరి ఆజ్ఞయు లేక, ఏ కూలియు ఆశింపక, విద్యమీది ఇష్టముచే వచ్చి నిలిచినవానికి ఆ ఏర్పాటులో చోటు లేదు. ఊరివారు కంచెకు వెలుపల నిలిచి చూచుటకు అలవాటుపడిరి. బైసన్ పోలో మైదానమున రాష్ట్ర సచివాలయము కట్టవలెనను ప్రతిపాదన 2017లో వచ్చినపుడు పౌరులు నిరసన తెలిపిరి. చివఱకు సచివాలయము పాతచోటనే నిర్మింపబడి 2023 ఏప్రిలులో ప్రారంభమయ్యెను. మైదానముకొఱకు గొంతెత్తగల ఊరు, మైదానమున జరుగు పనికి చేయి సాచుట కూడ నేర్వవలదా? నేడు జంటనగరముల పరిసరములలో పౌరులకు స్వారి నేర్పు క్లబ్బులు కలవు. హుకుము చెల్లని చోట ప్రదర్శనలు సాగవలెనన్నచో మూడవవాడు ఇష్టపడి రావలసినదే.

హోదాపట్టింపు దండులకే పరిమితమైనది కాదు. 1948 లండను ఒలింపిక్సులో డ్రెసాజ్ జట్టు పోటీయందు స్వీడను ప్రథమస్థానము పొందెను. నాటి నిబంధనలచే సార్జెంటు వంటి చిన్న హోదావారికి ప్రవేశము లేదు, స్త్రీలకును లేదు. జట్టులోని గెనాల్ పెర్సన్ సార్జెంటనియు, పోటీకొఱకే అతనిని తాత్కాలికముగా అధికారిని చేసిరనియు తేలుటచే 1949లో ఆ పతకమును రద్దుచేసిరి. గుఱ్ఱము అడుగు తప్పలేదు, రౌతు పట్టు తప్పలేదు. తప్పెల్ల భుజముమీది పట్టీది! 1952 హెల్సింకి నాటికి ఆ అడ్డంకులు తొలగెను. పెర్సన్ ఉన్న జట్టే మరల గెలిచెను. ఆ ఏడే డెన్మార్కు వనిత లిస్ హార్టెల్ రజతపతకము పొందెను. పోలియోచే మోకాళ్ళ క్రింద పట్టుదప్పిన ఆమెకు గుఱ్ఱమెక్కుటకును దిగుటకును ఇతరుల చేయూత కావలసియుండెను. ఎత్తి కూర్చుండబెట్టిన ఆ చేతులకు పతకములో పాలు లేదని ఎవరనగలరు?

భారతేతిహాసము ఈ పట్టింపును ఎన్నడో త్రోసిపుచ్చెను. నకులుడు దామగ్రంథియను పేర విరటుని అశ్వశాలలో కొలువు చేసెను. నలుడు బాహుకుడై ఋతుపర్ణుని గుఱ్ఱములను చూచుకొనెను. అశ్వహృదయమెఱిగినవానిగా కీర్తి ఆతనిదే. సైంధవుడు కూలిన దినమున, యుద్ధమధ్యమున, శ్రీకృష్ణుడు తానే గుఱ్ఱములను విప్పి, బాణములు పెఱికి, నీరు త్రాపి సేదదీర్చెను. సాయిసు పని భగవంతుడు చేసిన పని. ఏ కాలు ఎన్నడు నొచ్చినదో, ఏ గుఱ్ఱము దేనికి బెదరునో అందఱికంటె ముందు తెలియునది సాయిసునకే. ఐనను బహుమానము వేళ కళ్ళెము విడిచి ప్రక్కకు తొలగవలసినవాడును ఆతడే.

ఇచట ఒక ఆక్షేపణ రాక తప్పదు. స్వారి కలవారి వేడుక. దాణా, లాడము, వైద్యము, శాల అద్దె సామాన్య సంసారికి అందునవి కావు. అట్టి వేడుకకై బీదవాని బిడ్డ ఎండలో నిలిచి ఊరక ఊడిగము చేయవలెనా? వెట్టిచాకిరికి స్వచ్ఛందసేవయని మెఱుగుపేరు పెట్టుట కాదా? తెలంగాణమున వెట్టి అను మాట వెనుక తరముల కన్నీరు కలదు. కావున ఈ ఆక్షేపణను నవ్వి త్రోసివేయరాదు.

వెట్టికిని సేవకును గల భేదము డబ్బులో లేదు. రానని చెప్పగల స్వాతంత్ర్యములో కలదు. వచ్చినందుకు పొందు విద్యలో కలదు. ఆ భేదము నిలుపవలసిన బాధ్యత క్లబ్బులది. కూలికి చేయించు పనిని కూలికే చేయింపవలెను. సాయిసు జీతము మిగుల్చుకొనుటకు విద్యార్థిని పిలుచుట అన్యాయము. పిలిచినవానికి నీడ, నీరు, అన్నము ఏర్పఱుపవలెను. చేయవలసిన పనిని ముందుగా తెలుగులో తెలియజెప్పవలెను. ఏడాది పొడుగున చేయూతనిచ్చినవానికి కొన్ని స్వారిపాఠములైనను నేర్పవలెను. లేనిచో కలవారి బిడ్డ ఎక్కుటకును, లేనివారి బిడ్డ పట్టుకొనుటకును అను పాత పంపకమే నిలిచిపోవును. బహుమానము వేళ రౌతు పేరుతోబాటు సాయిసు పేరును చదువవలెను. ఇవి గొప్ప వ్యయముతో కూడిన పనులు కావు; మనస్సుతో కూడిన పనులు.

ఇందువలన ఆటకు కలుగు మేలును తక్కువ కాదు. 2023 సెప్టెంబరు 26న హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో అనూష్ అగర్వాలా, హృదయ్ ఛేడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా డ్రెసాజ్ జట్టు పోటీలో స్వర్ణము గెలిచిరి. 1982 ఢిల్లీ క్రీడల పిదప అశ్వక్రీడలలో భారతదేశమునకు స్వర్ణము దక్కుటకు 41 ఏండ్లు పట్టెను. 2024 పారిస్ ఒలింపిక్సులో డ్రెసాజ్ బరిలో దిగిన మొదటి భారతీయుడు అనూష్. ఐతే వీరి సాధన ఐరోపాలో జరిగెను. అచ్చట ఊరూర చిన్న పోటీలు జరుగును. చిన్న పోటీలు లేనిచోట రౌతునకు తన తప్పు తెలియదు. చేతులు లేనిచోట చిన్న పోటీలు జరుగవు.

భాషకును ఒక లాభము కలదు. కళ్ళెము, పగ్గము, జీను, రికాబు, లాడము, మాలీసు, దాణా అను మాటలు నేడు నిఘంటువులకంటె సాయిసుల నోళ్ళలోనే ఎక్కువ సజీవముగా నున్నవి. చదువుకొన్న యువకుడు ఆ సాయిసు ప్రక్కన ఒక దినము నిలిచినచో, ప్రబంధములలోని అశ్వవర్ణన ఆతనికి పరీక్షకై వల్లించు పాఠముగా మిగిలిపోదు.

మొదటి అడుగు చిన్నదే. ఒక ఆదివారమున కళాశాల విద్యార్థి కలము పట్టి న్యాయనిర్ణేత ప్రక్కన కూర్చుండవలెను. చివరి గుఱ్ఱము బరి వెడలిన పిదప ఇంటికి తొందరపడక, దానిని శాలకు నడిపించుకొనిపోవు సాయిసు వెంట నాలుగడుగులు వేయవలెను. ఆ గుఱ్ఱము పేరేమో, అది దేనికి బెదరునో అడుగవలెను. ఆ పిమ్మట ఆ సాయిసు పేరును అడుగవలెను.