దేవుడి భుజం మీద కాలుపెట్టే ఆట

నాటీ డాగ్ అనే అమెరికన్ కంపెనీ 2017 ఆగస్టులో ప్లేస్టేషన్ మీద విడుదల చేసిన 'అన్‌చార్టెడ్: ద లాస్ట్ లెగసీ' మన పక్కింటి రాతి మీద అల్లిన ఆట. హొయసలుల బేలూరు, హళేబీడు పేర్లు అందులో వినిపిస్తాయి. హిందూపురం నుంచి ఆ గుళ్ళు ఒక పూట ప్రయాణం. వినాయకుడి విరిగిన దంతం కోసం క్లోయీ ఫ్రేజర్ అనే సగం భారతీయురాలు, నాడీన్ రాస్ అనే దక్షిణాఫ్రికా కిరాయి సైనికురాలు పడమటి కనుమల్లో గాలిస్తారు. లేపాక్షి, పెనుకొండ చూస్తూ పెరిగిన నేను ఈ ఆటను ప్రేమగా మొదలుపెట్టి కోపంతో ముగించాను. ఆ కోపం ఇంకా చల్లారలేదు.

ముందు దాని గొప్ప చెప్పాలి. చెప్పకుండా తిడితే అన్యాయం.

ఈ తరహా ఆటల్లో కెమెరా మన పాత్ర వీపు వెనక ఉంటుంది. తుపాకీ గొట్టం తప్ప ఇంకేమీ కనబడని ఆటల్లో దొరకని సుఖం ఇందులో ఉంది: రాయి పక్కన మనిషి ఎంత చిన్నదో తెలుస్తుంది. లేపాక్షి నంది 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు అని బోర్డు మీద చదివితే ఏమీ అనిపించదు. దాని మెడలోని గంటల కింద ఒక చిన్నపిల్ల వచ్చి నిలబడితే ఒళ్ళు జలదరిస్తుంది. లాస్ట్ లెగసీ ఆ జలదరింపును పట్టుకుంది. క్లోయీ తాడు విసిరి లోయ దాటుతుంటే, తడిసిన రాతి అంచును వేళ్ళతో పట్టుకుని వేలాడుతుంటే మన అరచేతులకు చెమట పడుతుంది. జీపులో తిరుగుతూ ఆ ఇద్దరాడవాళ్ళూ ఒకరినొకరు అనుమానించుకోవడం, పోట్లాడుకోవడం, రాళ్ళ కింద ఇరుక్కున్న ఏనుగును కలిసి విడిపించడం, ఇవన్నీ మన పెద్ద హీరోల సినిమాల్లో ఆడపాత్రలకు దక్కని మర్యాదతో రాశారు.

నీడల గది ఇంకా గొప్పది. వెలుగుకు ఎదురుగా రాతి బొమ్మలను తిప్పుతూ, గోడ మీద నీడ సరైన ఆకారానికి వచ్చేదాకా సర్దాలి. పరశురాముడికీ వినాయకుడికీ జరిగిన పోరు అలా నడుస్తుంది. ఆ గదిలో నాకు ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట గుర్తొచ్చింది. అక్కడి కుటుంబాలు మేకతోలును వెలుగు దూరేంత పలచగా చేసి, బొమ్మ ఒంటి మీద నగ ఉండాల్సిన చోటల్లా ఉలితో సన్నని చిల్లులు కొడతాయి. వెనక దీపం పెడితే తెర మీద వడ్డాణం, హారాలు వెలుగు చుక్కలై మెరుస్తాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. కానీ బొమ్మలాట చూసేవాళ్ళు తగ్గిపోయి, ఆ చేతులు ఇవాళ ఎక్కువగా లాంప్‌షేడ్లు చేసి బతుకుతున్నాయి. అమెరికావాడికి నీడతో కథ చెప్పాలన్న ఆలోచన వచ్చింది. మనకంటే ముందే!

ఇక నా తగాదాకు వస్తాను. ఆ ఆట గుండెకాయ దొంగతనం.

క్లోయీ దేవుడి భుజాల మీద కాలుపెట్టి ఎక్కుతుంది. ఆమె నడిచిన దారిలో వంతెనలు కూలుతాయి, మండపాలు విరుగుతాయి. వందల ఏళ్ళు నిలిచిన కట్టడం ఆమె వచ్చిన పూటే పొడి అవుతుంటే మనం ఊపిరి బిగబట్టి ఆనందించాలి. మధ్యలో హొయసల బిళ్ళలన్నీ పోగేస్తే ఒక కెంపు కంకణం దొరుకుతుంది. దగ్గర్లో నిధి ఉంటే అది మోగుతుంది. ఆ కంకణం మా సీమలో ఉంది, దాన్ని మెటల్ డిటెక్టర్ అంటారు. గుప్తనిధుల ముఠాలు దాన్ని పట్టుకునే రాత్రిళ్ళు కొండలెక్కుతాయి. నంది కడుపులో బంగారం ఉందని నందిని పగలగొడతాయి. గర్భగుడిలో మూలవిరాట్టును పెకలించి గుంత తీస్తాయి. పెనుకొండ కోట లాంటి చోట తల తెగిన విగ్రహం, పీఠం లేని లింగం చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది. 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగరానికే రాజధానిగా నిలిచిన ఊరది. సైన్యాలు మిగిల్చిన దాన్ని ఈ పారలూ గునపాలూ తింటున్నాయి. అదే పని తెర మీద అందమైన వెలుగులో, మంచి సంగీతంతో జరిగితే సాహసం అయిపోతుందా?

ఆఖర్లో ఆ దంతాన్ని సాంస్కృతిక శాఖకు ఇచ్చేస్తారు కదా అని ఆట అభిమానులు అంటారు. ఇస్తారు, నిజమే. కూలగొట్టిన గుళ్ళ సంగతేమిటి? వాటి గురించి ఒక్క మాట లేదు. వస్తువు దక్కితే చాలు, చోటు ఏమైపోయినా ఫరవాలేదు అన్నదే ముఠావాడి తర్కం.

ఆట పేరులోనే ఈ వారసత్వం పోయిందని చాటారు. ఎవరికి పోయింది? బేలూరు చెన్నకేశవుడికి ఇవాళ్టికీ నిత్యపూజ ఉంది. 2023లో బేలూరు, హళేబీడు, సోమనాథపురం గుళ్ళు యునెస్కో జాబితాకెక్కాయి. పైగా హొయసల శిల్పి గొప్పతనం కొండంత విగ్రహాల్లో లేదు. మెత్తని బలపపు రాతిలో నగల పూసలను ఒక్కొక్కటిగా చెక్కిన ఓపికలో ఉంది. ఆట దాన్ని వదిలేసి కొండలను తొలిచి భారీ బొమ్మలు నిలబెట్టింది. తుపాకీ మోతలు సరేసరి. ఒక శిల్పం ముందు తీరిగ్గా నిలబడదామంటే ఆటలోని ప్రతినాయకుడు అసావ్ మనుషులు ఊడిపడతారు.

నిధి గురించి మా నేల చెప్పుకునే కథే వేరు. పెనుకొండలో రాయల కోశం చూసుకునే విరూపన్న, రాజుకు చెప్పకుండా ఖజానా సొమ్మంతా లేపాక్షి గుడికి ఖర్చుపెట్టాడంటారు. కళ్ళు తీయించమని ఆజ్ఞ రాకముందే తన కళ్ళు తానే పెరికి గోడకు కొట్టాడంటారు. కల్యాణమండపం అసంపూర్తిగా ఆగిపోయింది. గోడ మీద ఎర్రని మరకలను ఇప్పటికీ చూపిస్తారు. ఇందులో నిధి దాచిపెట్టింది కాదు, అందరి కళ్ళ ముందూ స్తంభాలై నిలబడింది. తవ్వడానికి అడుగున ఏమీ మిగల్లేదు. ఈ మనిషి వీపు వెనక కెమెరా పెట్టి చూడండి! కోశం లెక్కలు ఒక చేత్తో, శిల్పుల కూలి ఇంకో చేత్తో, పెనుకొండ నుంచి ఎప్పుడు కబురొస్తుందోనన్న భయం. ఇంతకన్నా ఉత్కంఠ ఏం కావాలి?

మనవాళ్ళకు చేతకాదంటే ఒప్పుకోను. పుణేలోని చిన్న బృందం నాడింగ్ హెడ్స్ 2020లో 'రాజీ' అనే ఆట తీసింది. కిక్‌స్టార్టర్‌లో అడిగిన డబ్బు రాకపోయినా ఆగలేదు. కథను తోలుబొమ్మల నీడల్లో చెప్పింది. పోరాటాలు మొద్దుగా ఉన్నాయి, కథ చప్పున తెగిపోయింది, కానీ అందులో దోపిడీ లేదు. తమ్ముడి కోసం వెతికే అక్క ఉంది. బెంగళూరులో 1997లోనే ధ్రువ ఇంటరాక్టివ్ మొదలైంది. విదేశీ ఆటలకు బొమ్మలు గీసి గీసి, 2019లో రాక్‌స్టార్ చేతికి వెళ్ళింది. హిందూపురం కుర్రాళ్ళు ఆ బెంగళూరుకే రైలెక్కుతారు, పరాయి కథలకు రంగులు వేయడానికి. పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలో కియా కారు తయారుచేసిన చేతులకు ఆట తయారుచేయడం రాదా?

లేపాక్షి లతామండపం అంచుల్లోని నమూనాలను ధర్మవరం నేతగాళ్ళు చీర మీదకు తెచ్చుకున్నారు. రాతి నుంచి పట్టుకు వచ్చిన గీత తెర మీదకూ వస్తుంది. హైదరాబాద్, బెంగళూరు స్టూడియోల వాళ్ళను నేను సూటిగా అడుగుతున్నాను: ఆ మగ్గాల దగ్గర కూర్చోండి, నిమ్మలకుంటకు వెళ్ళండి. ఫోన్‌లో నాలుగు ఫోటోలు తీసుకుని జారుకోవద్దు. ఆ కళాకారులను నెలజీతం మీద పెట్టుకోండి, అమ్ముడైన ప్రతి కాపీలో వాటా రాసివ్వండి. ఆట ముగిశాక తెర మీద పైకి కదిలే పేర్లలో వాళ్ళ పేర్లు మొదట వేయండి.