చార్టులో లేని జబ్బు కోడ్‌లోకి రాకూడదు

నడుము నొప్పికి అమెరికాలో బీమా క్లెయిముల్లో 2021 సెప్టెంబర్ 30 దాకా ఎం54.5 అనే కోడ్ వేసేవారు. మర్నాటి నుంచి అది చెల్లలేదు. దాన్ని తీసేసి ఎం54.50, ఎం54.51, ఎం54.59 అని మూడు చేశారు. రోగి నొప్పి అదే, డాక్టరు చేసే వైద్యమూ అదే. పాత అలవాటు కొద్దీ చివరి అంకె వేయకుండా పంపిన క్లెయిములు మాత్రం తిరిగొచ్చేశాయి.

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అనుకోవడానికి వీల్లేదు. అక్కడి రోగుల వైద్య రికార్డులు, అంటే చార్టులు చదివి కోడ్‌లు వేసేవాళ్లలో చాలామంది హైదరాబాద్‌లో ఉన్నారు. బీఎస్సీ, బీఫార్మసీ, నర్సింగ్ చదివి, కోచింగ్ తీసుకుని ఈ పనిలోకి వచ్చిన మన పిల్లలు. వాళ్లకు తరచూ వినపడే హెచ్చరిక ఒకటుంది: ‘అన్‌స్పెసిఫైడ్ కోడ్ వేస్తే డినయల్ వస్తుంది’, అంటే వివరం లేని కోడ్ వేస్తే బీమా సంస్థ క్లెయిమును తిరస్కరిస్తుందని. అందులో నిజముంది కానీ, సగమే.

2015 అక్టోబర్ 1న అమెరికాలో జబ్బుల కోడ్‌ల కొత్త పట్టిక ఐసీడీ-10 అమల్లోకి వచ్చినప్పుడు సుమారు 14 వేలున్న కోడ్‌లు 69 వేల దాకా పెరిగాయి. కుడి మోకాలి అరుగుదలకు ఎం17.11, ఎడమకు ఎం17.12. డాక్టరు ఏ కాలో రాయకపోతే ఎం17.9. మోకాలికి ఖరీదైన వైద్యం చేసి, అది ఏ మోకాలో చెప్పకపోతే బీమా సంస్థ అడగడం న్యాయమే.

చిక్కల్లా వివరం చార్టులో లేనప్పుడే. టైప్-2 మధుమేహం, దీర్ఘకాలిక మూత్రపిండాల జబ్బు రెండూ ఉన్నాయని డాక్టరు రాశారనుకుందాం. మరో కారణం చెప్పకపోతే ఆ రెంటికీ సంబంధం ఉన్నట్టే భావించి ఈ11.22 వేయమంటాయి నిబంధనలు. దాని పక్కన జబ్బు దశ తెలిపే కోడ్ కూడా ఉండాలి. దశేమిటో డాక్టరు రాయలేదు. ల్యాబ్ రిపోర్టులో మూత్రపిండాల పనితీరు చెప్పే ఈజీఎఫ్‌ఆర్ 40 అని కనిపిస్తోంది. అది 3బి దశకు సరిపోయే అంకె అని కోడర్‌కు తెలుసు. అయినా ఎన్18.32 వేసే అధికారం లేదు. రోగనిర్ధారణ డాక్టరుది, ఒక్క రిపోర్టు చూసి దాన్ని కోడర్ తేల్చకూడదు. వివరం అడుగుతూ డాక్టరుకు క్వెరీ పంపాలి, జవాబు రాకపోతే ఎన్18.9తోనే సరిపెట్టాలి. సమాచారం లేనప్పుడు అన్‌స్పెసిఫైడ్ కోడ్ సరైనదేనని అధికారిక మార్గదర్శకాలే చెబుతున్నాయి.

అవుట్‌పేషెంట్ నోటులో ‘న్యుమోనియా కావచ్చు’ అని ఉన్నా ఇంతే. రోగికి ఉన్న దగ్గు, జ్వరం లాంటి లక్షణాలకే కోడ్ వేయాలి. డబ్బు వస్తుందని న్యుమోనియా కోడ్ వేస్తే, రాని జబ్బు ఆ మనిషి రికార్డులో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే. డినయల్ వస్తే అప్పీలు చేసుకోవచ్చు. లేని జబ్బు తన పేరున ఉందని ఆ రోగికి ఎవరు చెబుతారు? పైగా మెడికేర్ లాంటి ప్రభుత్వ బీమా పథకాలకు తెలిసి తప్పుడు కోడ్ పంపితే, అమెరికాలో 1863 నాటి ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం కింద నష్టానికి మూడింతలు కట్టాల్సి రావచ్చు.

ఈ తప్పు జరగకుండా ఆపేది క్వెరీయే, కానీ అది రాయడానికి సమయం పడుతుంది. ‘3బి అని రాయమంటారా?’ అని జవాబు నోటికందించకుండా, ‘దశ ఏమిటి?’ అని అడగాలి. గంటకు ఇన్ని చార్టులని లెక్కగట్టే చోట ఆ నిమిషాలు కోడర్ ఖాతాలోంచే పోతాయి. క్వెరీకి పట్టిన సమయాన్నీ టార్గెట్‌లో పనిగా లెక్కించాలని ఆసుపత్రులతో ఒప్పందం కుదుర్చుకునే నాడే కోడింగ్ కంపెనీలు రాయించుకోవాలి.