ఒకే తూనికరాయి

పౌలు, సీలలు బెరయలో సువార్త ప్రకటించినప్పుడు అక్కడివారు రెండు పనులు చేశారు. వాక్యాన్ని ఆసక్తితో అంగీకరించారు. విన్నది నిజమో కాదోనని ప్రతిరోజూ లేఖనాలను పరిశోధించారు (అపొ.కా. 17:11). చెప్పినవాడు అపొస్తలుడే కదా అని ఊరుకోలేదు. అందుకు పౌలు నొచ్చుకున్నట్టు లేఖనంలో ఎక్కడా లేదు. పైగా లూకా వారిని ఘనులని మెచ్చుకున్నాడు.

ఈ బెరయ గుణం ఎంత అవసరమో బైబిలు పరిశోధనా రంగంలో జరిగిన ఒక ఉదంతం తేటగా చూపిస్తుంది. 2012 సెప్టెంబరు 18న రోములో జరిగిన పండితుల మహాసభలో హార్వర్డ్ ప్రొఫెసర్ కేరెన్ కింగ్ ఒక పపైరస్ ముక్కను గూర్చి ప్రకటించారు. విజిటింగ్ కార్డంత ముక్క. దానిమీద ఐగుప్తు క్రైస్తవుల ప్రాచీన భాషయైన కోప్టిక్‌లో కొన్ని తెగిపోయిన పంక్తులు. యేసు తన భార్యను గూర్చి మాట్లాడినట్టు అందులో ఉంది. యేసుకు వివాహమైందనడానికి ఇది రుజువు కాదని ఆమె స్పష్టంగానే చెప్పారు. కానీ ఆ వివరణ ఎవరికి పట్టింది? వార్త ప్రపంచమంతా పాకింది. విశ్వాసులు కొందరు కలవరపడ్డారు, కొందరు మండిపడ్డారు.

కోపం వల్ల ఆ ముక్క గుట్టు బయటపడలేదు, ఓపికగా చదివినవారి వల్ల బయటపడింది. కింగ్ దాని ఫొటోలను అందరికీ అందుబాటులో ఉంచడం మేలైంది. డర్హామ్ విశ్వవిద్యాలయ పండితుడు ఫ్రాన్సిస్ వాట్సన్ కొద్దిరోజుల్లోనే తన పరిశీలనను ఇంటర్నెట్‌లో పెట్టారు. 1945లో ఐగుప్తులో దొరికిన ‘తోమా సువార్త’ నుంచి మాటలు తీసి అతికించినట్టుందని ఆయన చూపించారు. ఆ గ్రంథపు ఇంటర్నెట్ ప్రతిలో ఒకచోట ఒక అక్షరం జారిపోయింది. అదే తప్పు ఈ ముక్కలోనూ ఉందని ఆండ్రూ బెర్న్‌హార్డ్ పట్టుకున్నారు.

అయినా వాదం ఆగలేదు. 2014 ఏప్రిల్‌లో పేరున్న హార్వర్డ్ పరిశోధనా పత్రిక కింగ్ వ్యాసాన్ని ప్రచురించింది. ప్రయోగశాల పరీక్షల్లో పపైరస్ పాతదేనని తేలింది. నిజమే, కానీ పాత స్టాంపు పేపరు దొరికినంత మాత్రాన దానిమీద రాసిన దస్తావేజు పాతదవుతుందా? అదే నెలలో క్రిస్టియన్ ఆస్క్‌లాండ్ అనే పండితుడు, ఆ ముక్కతోపాటు వచ్చిన యోహాను సువార్త ముక్కను పరిశీలించి బ్లాగులో రాశారు. రెండింటి చేతిరాత ఒకటే. యోహాను ముక్కలోని పంక్తులేమో 1924లో అచ్చయిన ఒక పుస్తకంలోని పంక్తులను ఒకటి విడిచి ఒకటి ఎత్తిరాసినవి! 2016లో ఒక పాత్రికేయుడు ఆ ముక్క యజమాని చరిత్రను వెలికితీశాక, అది నకిలీయే అయి ఉండవచ్చని కింగ్ కూడా ఒప్పుకున్నారు.

గొప్ప పత్రికలో వచ్చిందని అది నిజం కాలేదు. బ్లాగులో వచ్చిందని ఇది తేలిపోలేదు. ఎవరైనా పక్కపక్కన పెట్టి పోల్చి చూసుకునేలా ఆధారాలు చూపించారు కాబట్టి ఇది నిలిచింది.

ఇంతవరకు చదివి “మన విశ్వాసం గెలిచింది” అని సంతోషించేవారికి మరో సంగతి చెప్పాలి. అమెరికాలో బైబిలు పట్ల ప్రేమగల ఒక విశ్వాస కుటుంబం పూనికతో 2017లో వాషింగ్టన్‌లో బైబిలు మ్యూజియం తెరిచారు. మృతసముద్రపు చుట్టల ముక్కలని నమ్మి సేకరించిన 16 అందులో ఉండేవి. వాటి మీదా పండితులు సందేహాలు లేవనెత్తారు. మ్యూజియమే పరీక్ష చేయించింది. ఆ 16 కూడా నకిలీవేనని 2020 మార్చిలో బహిరంగంగా ప్రకటించింది. కుమ్రాను గుహల్లో దొరికిన అసలు చుట్టలకు దీనివల్ల వచ్చిన లోటేమీ లేదు. తమకు నష్టమైనా నిజం చెప్పడం ఆ మ్యూజియం చేసిన మంచి సాక్ష్యం.

మరి మన సంగతేమిటి? యెహోషువ దినాన సూర్యుడు నిలిచిన ఆ రోజును నాసా కంప్యూటర్లు కనిపెట్టాయనే కథ దశాబ్దాలుగా మన ప్రసంగాల్లో, కరపత్రాల్లో, ఇప్పుడు సెల్‌ఫోన్లలో తిరుగుతోంది. నాసా అలాంటిదేదీ కనిపెట్టలేదు. మనకు నచ్చని వార్తకు వంద ప్రశ్నలు, నచ్చిన వార్తకు ‘ఆమేన్’! వేరువేరు తూనికరాళ్లు ప్రభువుకు హేయమని సామెతల గ్రంథం హెచ్చరిస్తోంది (20:10). అది అంగడికి మాత్రమేనా, ప్రసంగవేదికకు కాదా?

ఇందులో నష్టం చిన్నది కాదు. గుడిలో విన్న నాసా కథ అబద్ధమని కాలేజీలో తెలుసుకున్న బిడ్డ, అదే గొంతు చెప్పిన పునరుత్థానాన్ని మాత్రం ఎలా నమ్ముతాడు? అందుకే కాపరులమైన మేము వేదిక ఎక్కేముందు, సంఘస్థులు ఒక సందేశాన్ని పదిమందికి పంపేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది ఎవరు చెప్పారు? ఆధారమేది? దాన్ని ఎవరు పరిశీలించారు? జవాబు దొరకకపోతే ఆగడమే మేలు. సమస్తాన్నీ పరీక్షించి మేలైనదాన్ని చేపట్టమన్న ఆజ్ఞ (1 థెస్స. 5:21) పండితులకు మాత్రమే ఇచ్చింది కాదు.

పునరుత్థానాన్ని గూర్చి రాస్తూ పౌలు ఏమన్నాడో గుర్తుచేసుకుందాం. లేచిన ప్రభువును ఐదువందలకు మించినవారు ఒకేసారి చూశారనీ, వారిలో ఎక్కువమంది ఇంకా బ్రతికే ఉన్నారనీ చెప్పాడు (1 కొరింథీ. 15:6). అంటే, వెళ్లి అడిగి తెలుసుకోండి అన్నట్టే కదా! పరిశీలనకు పౌలు వెరవలేదు. అదే సువార్తను నమ్మిన మనకు అబద్ధపు ఆసరా ఎందుకు?